మోటారు కారు రంగుపై మసకయు, సుడిగీతలును: వానిని పోగొట్టు విధము

మన సంఘ సభ్యులలో పలువురి యిండ్ల ముంగిట, పూర్వము ఎడ్లబండి నిలిచిన చోటనే, నేడు కారు నిలిచియున్నది. ఆసుపత్రికిని, పెండ్లిండ్లకును, అత్యవసరమైనపుడు విత్తనపు బస్తాలకును గూడ అదియే వాహనము. ఎద్దును కడిగి, తుడిచి, కొమ్ములకు నూనె రాచి పోషించిన చేయి కారును గూడ అట్లే కాపాడుకొనగోరుట సహజము. అయితే ఆ కాపాడుటలోనే కొన్ని పొరపాట్లు జరుగుచున్నవి. కొన్న రెండు మూడు సంవత్సరములకే ఎండలో బానెట్టు మీద సూర్యుని ప్రతిబింబము చుట్టును సాలెగూడు వంటి సన్నని గీతలు కనబడుచున్నవి. నీడలో చూచినచో రంగు మీద పలుచని మసక కమ్మినట్లుండును. దానిని చూచి కొందఱు “రంగు చెడినది, మరల వేయింపవలెను” అనుచున్నారు. మఱికొందఱు “గట్టిగా రుద్దినచో పోవును” అనుచున్నారు. ఈ రెండు మాటలును సరియైనవి కావు. మొదటిది ధననష్టము, రెండవది రంగునకే చేటు. ఈ విషయమును గూర్చి మాకు తెలిసినంతవఱకు చదువరులకు విన్నవింపదలచితిమి.

మా యనుభవము

ఈ విషయమును మేము శ్రద్ధతో పరిశీలించుటకు మాకు గలిగిన నష్టమే కారణము. ఒక వార్షిక సమావేశమునకు ముందు మా కార్యాలయపు కారును పట్టణమున నొక దుకాణములో మెఱుగు పెట్టించితిమి. వచ్చిన దినమున అది అద్దము వలె మెఱసినది. మూడు మార్లు కడిగిన పిదప మునుపటి గీతలన్నియు తిరిగి కనబడినవి. అంతియే కాదు, బానెట్టు అంచున జానెడు మేర రంగు పోయి, లోపలి బూడిదవన్నె అస్తరు బయటపడినది. గీతలు పోలేదు, నూనెతో కప్పబడినవి మాత్రమే. రంగు మాత్రము నిజముగనే పోయినది. దుకాణమువారిని నిందింప మాకు నోరు రాలేదు. “ఒక్క గీతయు కనబడరాదు, గట్టిగా రుద్దుడు” అని చెప్పినవారము మేమే.

కారు రంగు ఎట్టిది?

ఇంటిలోని ఇత్తడి చెంబును చింతపండుతో ఎన్ని మార్లు తోమినను లోపల నున్నది ఇత్తడియే గనుక చెంబు మరల మెఱయుచునే యుండును. కారు రంగు అట్టిది కాదు. అది బంగారు పూత పూసిన నగ వంటిది. తోమిన కొలది పూత అరుగును. అరిగినది తిరిగి రాదు.

నేటి కార్ల రేకు మీద సాధారణముగా నాలుగు పొరలుండును. రేకును రంగు తొట్టిలో ముంచి విద్యుత్తు సాయమున పట్టించు తుప్పునివారక పూత మొదటిది. రెండవది రేకును నునుపు చేయు అస్తరు. మూడవది మనము చూచు వన్నె. మెఱయు రంగులలో అల్యూమినియపు రజను ఈ పొరయందే యుండును. నాలుగవది వన్నె లేని పారదర్శకమైన పైపూత. దీనినే పనివారు క్లియరు కోటు అందురు. కారునకు తళుకు నిచ్చునదియు, ఎండలోని అతినీలలోహిత కిరణములనుండి లోపలి వన్నెను కాపాడునదియు ఈ పైపూతయే.

ఈ పొరల మందమును మైక్రానులలో కొలుతురు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. నాలుగు పొరలును కలిసి సుమారు 100 మొదలు 150 మైక్రానులు. అనగా మనము వ్రాసికొను కాగితము ఒకటి లేక ఒకటిన్నర మందము. అందు పైపూత 35 మొదలు 50 మైక్రానులు మాత్రమే. తలవెండ్రుక కంటెను పలుచన. ఈ పైపూతలో కారు జీవితకాలమంతటికిని కలిపి ఏడెనిమిది మైక్రానులకు మించి తీయరాదని ఈ విద్య నెఱిగినవారు చెప్పుదురు. అంతకు మించినచో ఎండను ఓర్చుకొను శక్తి తగ్గి, కొంతకాలమునకు పైపూత తెల్లబడి పొట్టు వలె లేచిపోవును. ఒక మారు సున్నితముగ మెఱుగు పెట్టిన ఒకటి రెండు మైక్రానులు పోవును. ముదుక మందుతో రుద్దినచో అంతకు ఎన్నియో రెట్లు పోవును. కావున ఈ పొదుపును ఎఱింగి ఖర్చు చేయవలెను.

గట్టిగా రుద్దు అలవాటు ఎక్కడిది?

గట్టిగా రుద్దవలెనను మాట పూర్వము పూర్తిగా తప్పు కాదు. అమెరికాలో డ్యుపాంటు కంపెనీవారు తయారు చేసిన డ్యూకో అను నైట్రోసెల్యులోజు రంగును 1924 సంవత్సరపు ఓక్లండు కార్లకు వేసిరి. బ్రష్షుతో వేసి దినముల తరబడి ఆరనిచ్చు పాత రంగుల స్థానమున, పిచికారీతో వేయగనే ఆరెడు ఈ రంగు వచ్చుట వలన కార్ల తయారీ త్వరపడినది. అయితే ఆ రంగు వేసినపుడు కొంత మందముగ, కాంతిహీనముగ నుండెడిది. దానిని పొరలు పొరలుగ వేసి, రుద్దుడు మందుతో రుద్దిననే మెఱుగు వచ్చెడిది. అనగా రుద్దుట రంగు పనిలో ఒక భాగమే. మన దేశమున పెయింటరులు నేటికిని ఆ జాతి రంగులను డ్యూకో అనియే పిలుచుచున్నారు. రుద్దుడు మందు డబ్బా గూడ ఆ కాలపు అలవాటుగనే దుకాణములలో నిలిచియున్నది.

పిమ్మట రంగుల జాతి మారినది. సుమారు 1980 ప్రాంతము నుండి వన్నె వేఱు, పైపూత వేఱుగ వేయు పద్ధతి క్రమముగ వ్యాపించినది. ఈ పైపూత వేసినపుడే మెఱయును. దానికి రుద్దుడుతో పనిలేదు. పాత రంగునకు తగిన మందును, పాత బలమును కొత్త రంగుపై ప్రయోగించుట వలననే పెక్కు కార్లు చెడుచున్నవి.

మీ వాహనము ఏ జాతిదో తెలిసికొనుట సులభము. కనబడని మూలలో తెల్లని గుడ్డపై మెఱుగు మందు చుక్క వేసి మెల్లగ రుద్దుడు. గుడ్డకు వాహనపు వన్నె అంటినచో అది పైపూత లేని ఒకే జాతి రంగు. అంటనిచో పైపూత యున్నదని తెలిసికొనవలెను. అనేక ట్రాక్టరులపై నున్నది మొదటి జాతియే. ఎండకు వెలసి పొడి రాలు ఎఱ్ఱని ట్రాక్టరు బానెట్టును రుద్దినపుడు గుడ్డ ఎఱ్ఱనగుట చూచి భయపడ పనిలేదు. వెలసిన పైభాగమే వచ్చుచున్నది. అయినను అచ్చటను పొదుపే మేలు.

సుడిగీతలు సుడులు కావు

ఎండలో గుండ్రముగ కనబడు గీతలను చూచి, గుండ్రముగ తుడుచుట వలననే అవి పుట్టినవని చాలమంది నమ్ముదురు. నిజమునకు ఆ గీతలు నలుదిక్కులకును అడ్డదిడ్డముగ పోవుచుండును. దీపపు ప్రతిబింబమునకు అడ్డముగ నున్న గీతలు మాత్రమే కాంతిని మన కంటికి త్రిప్పును, తక్కినవి కనబడవు. అందుచేత ప్రతిబింబము చుట్టును వలయములు వలయములుగ తోచును. ఇంటిలో నిత్యము తోము స్టీలు పళ్లెమును దీపము క్రింద పట్టి చూడుడు. అవియే వలయములు కనబడును. పళ్లెమును కదల్చినచో వలయములును దీపముతోడ కదలును. గీతలు కదలలేదు, కనబడు గీతలు మారినవి. ఒక దిక్కున గీసిన గీత ఒక కోణమున మాత్రమే కనబడును గనుక, కారును నిలువు వరుసలుగ తుడుచుట మంచిది. అయినను మూలకారణము త్రిప్పుట కాదు, ధూళి.

మన ధూళిలో ఇసుక యున్నది. ఇసుకలోని క్వార్ట్జు, వజ్రమునకు 10 అంతస్తు నిచ్చిన మోస్ కాఠిన్యమానమున 7వ అంతస్తులో నున్నది. చాకు ఉక్కు సుమారు ఐదున్నర. ఇక కారు పైపూత యెంత! కోతల కాలమున దీనికి వడ్ల దుమ్ము గూడ తోడగును. ఊకలోను, గడ్డిలోను సిలికా విస్తారముగ నున్నది; ఊక కాల్చిన బూడిదలో అధికభాగము అదియే. మన పెద్దలు అంట్లు తోముటకు ఊక బూడిదను వాడినది అందుచేతనే. గిన్నె మసిని గీరు పదార్థము కారు రంగును గీరదా? తెల్లవారి లేవగనే పొడి గుడ్డతోనో, ఈకల కుంచెతోనో కారును దులుపు అలవాటే సుడిగీతలకు తల్లి. తుడుచువాడు శుభ్రము చేయుచున్నానని తలచును. నిజమునకు ఇసుక కాగితముతో తోముచున్నాడు.

మసక ఎన్ని విధములు?

మసకకు కారణము తెలియక మందు వాడరాదు. మేము గమనించినంతలో నాలుగు విధములు గలవు.

మొదటిది బోరు నీటి మసక. సున్నము, మెగ్నీషియము అధికముగ గల నీటితో కడిగి ఎండలో ఆరనిచ్చినచో, నీరు ఆవిరియై లవణములు తెల్లని చుక్కలుగ నిలుచును. ఇది రంగు మీద నున్న పొరయే గాని రంగునకు కలిగిన గాయము కాదు. వెనిగరు ఒక పాలు, నీరు ఒక పాలు కలిపి, నీడలో చల్లారిన రేకుపై తడిగుడ్డతో నిమిషము మాత్రము ఉంచి, పుష్కలముగ నీటితో కడిగినచో చాలవఱకు కరగును. ఎండలో చాలదినములు కాలినచో చుక్క క్రింద రంగు గుంట పడును. అప్పుడు మెఱుగు పెట్టక తప్పదు.

రెండవది జిడ్డు మసక. మెఱుపు కొఱకు డీజిలు, కిరసనాయిలు, కొబ్బరినూనె రాయు అలవాటు వలన ఇది కలుగును. రాచిన గంటసేపు మెఱయును; పిదప ఊరిలోని ధూళి యంతయు దాని మీదనే అంటును. రబ్బరు పట్టీలు గూడ పాడగును. దీనికి మంచి సబ్బు నీరే మందు.

మూడవది వెలసిన మసక. ఎండకు రంగు పైభాగము చెడి కాంతి తగ్గుట. పైపూత లేని రంగులలో ఇది హెచ్చు.

నాలుగవది మెఱుగు పెట్టువారే కల్పించిన మసక. ముదుక మందు పెద్ద గీతలను తీసి, వాని స్థానమున లెక్కలేని చిన్న గీతలను విడిచిపోవును. విడివిడిగ కనబడనంత సన్ననివైనందున అవి మబ్బు వలె తోచును. దీనిని చూచి మఱింత బలముగ రుద్దుట సాధారణమైన పొరపాటు. బలము కాదు, ఇంతకంటె మెత్తని మందును, ఇంతకంటె మెత్తని స్పాంజియు కావలెను.

గీతను తీయుట యనగా నేమి?

గీత యనగా నాగలి చాలు వంటిది. చాలును పూడ్చుటకు పైనుండి మన్ను తెచ్చి పోయలేము. చుట్టునున్న నేలనే చాలు అడుగు మట్టమునకు దించవలెను. మెఱుగు పెట్టుట యనగా ఇదియే. చాలు లోతు తక్కువయైనచో దించవలసిన మన్నును తక్కువ. వాగు కోసిన గండిని చదును చేయుటకు పొలమంతటి పైమట్టిని తీసిపాఱవేయు రైతు ఎవ్వడును లేడు గదా! అట్లే గోటితో అడ్డముగ గీరినపుడు గోరు తగులుకొను గీతను మెఱుగుతో తీయ యత్నింపరాదు. దాని అంచులను కొంచెము నునుపు చేసి విడువవలెను. గోటికి తగులని సన్నని గీతలే మన పనికి చెందినవి. “గీతలన్నియు పోవలెను” అనువాడు రంగునంతయు పోగొట్టుకొనును. పదింట ఏడెనిమిది పోయిన చాలుననువాడు కారును పదేండ్లు కాపాడుకొనును.

పని చేయు క్రమము

ఈ పనికి తూర్పారబట్టు దినములు తగవు. గాలిలో ధూళి తక్కువగ నుండు ఉదయమున, కళ్లమునకు దూరముగ, కొట్టములోనో షెడ్డులోనో కారును నిలుపవలెను. రేకు చేతికి చల్లగ తగులవలెను.

ముందుగా కడుగుట. పైనుండి నీటిని ధారాళముగ పోసి, తాకకయే వదలు ధూళినంతయు వదలింపవలెను. రెండు బకెట్లు కావలెను. ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో మంచినీరు. మెత్తని మైక్రోఫైబరు చేతితొడుగును షాంపూలో ముంచి, కప్పు నుండి క్రిందికి, వరుసలుగ, బరువు వేయక తుడువవలెను. ఒక్కొక్క భాగము కాగానే దానిని మంచినీటిలో పిండి, పిదపనే మరల షాంపూలో ముంచవలెను. ఇసుక రెండవ బకెట్టు అడుగున నిలుచును. కారు మీదికి తిరిగి రాదు. చక్రములకు వేఱు గుడ్డ, వేఱు నీరు ఉండవలెను. క్రిందపడిన గుడ్డను కడుగక వాడరాదు. తుదకు మందమైన మైక్రోఫైబరు తువ్వాలును పఱచి, అద్ది ఆరబెట్టవలెను.

పిదప పరీక్ష. చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి, రేకు మీద మెల్లగ నిమిరినచో గరుకు తెలియును. అది రంగునకు కఱచుకొనిన ఇనుప రజను, తారు, చెట్ల జిగురు. ఇవి యుండగా మెఱుగు పెట్టినచో స్పాంజి క్రింద నలిగి క్రొత్త గీతలు గీయును. కార్ల కొఱకు అమ్ము క్లే అను మట్టిముద్దను సబ్బు నీటితో తడిపి, తడిసిన రేకు మీద మెల్లగ జార్చినచో అవి వచ్చును. ముద్దను మాటిమాటికి మడచి, శుభ్రమైన మొగము పైకి తేవలెను. నేల మీద పడినచో ఆ ముద్దను పాఱవేయవలసినదే; అది ఖరీదైనదని వెనుకాడరాదు.

తరువాత చిన్న చోట ప్రయోగము. బానెట్టు మీద అడుగున్నర చదరమును ఎంచుకొని, మొట్టమొదట అన్నింటికంటె మెత్తని మెఱుగు మందుతో, అన్నింటికంటె మెత్తని స్పాంజితో ప్రయత్నింపవలెను. దానితో తీరినచో అంతటితో సరి. తీరకున్న ఒక మెట్టు మాత్రమే పైకెక్కవలెను. క్రొత్త పురుగు మందును పొలమంతట చల్లుటకు ముందు ఒక మడిలో చూచునట్లే ఇదియు. తలుపుల అంచులకు, రేకు మడతలకు, నల్లని ప్లాస్టిక్ భాగములకు మాస్కింగు టేపు అంటింపవలెను. అంచులయందే రంగు పలుచన, అచ్చటనే ఒత్తిడి హెచ్చు. మా కారు చెడినది అచ్చటనే.

చేతితో చేయు పని. లేత మసకకును, బహుసన్నని గీతలకును చేయి చాలును. ఫోము మెత్తమీద బఠానీగింజంత మందు మూడు నాలుగు చుక్కలు వేసి, అడుగున్నర చదరమున మొదట నిలువుగ, పిదప అడ్డముగ, ఒక వరుసపై సగము వఱకు రెండవ వరుస పడునట్లు తుడువవలెను. నిలువు దుక్కి, అడ్డ దుక్కి వలె. మందు పలుచని తెరయైన తరువాత ఆపి, శుభ్రమైన మైక్రోఫైబరు గుడ్డతో తీయవలెను. ఎండిపోవునంతవఱకు రుద్దరాదు.

యంత్రముతో చేయు పని. యంత్రములు రెండు జాతులు. రోటరీ యంత్రము ఒకే ఇరుసుపై తిరుగును. వేడిని ఒక్కచోట పుట్టించును. నేర్పరి చేతిలో అది మంచిదే. నేర్వనివాని చేతిలో క్షణమున రంగును కాల్చును. రెండవది డ్యూయల్ యాక్షను యంత్రము. దీని మెత్త తిరుగుచునే ఇటునటు చిన్న వలయములలో ఊగును. వేడిని చెదరగొట్టును, గట్టిగా ఒత్తినచో తిరుగుట మాని నిలిచిపోవును గాని రంగును త్వరగ కోయదు. మన సభ్యులకు తగినది ఇదియే. మెత్త వెనుక పళ్లెము అంచున పెన్నుతో నొక గీత గీసినచో అది తిరుగుచున్నదో లేదో కంటికి తెలియును. మందును నెమ్మదిగ పఱచి, వేగమును నడిమికి పెంచి, యంత్రపు బరువు తప్ప అధికబలము వేయక, సెకనుకు అంగుళము చొప్పున కదల్చుచు నాలుగైదు మార్లు పోవలెను. ఒక్కొక్క భాగము కాగానే మెత్తను బ్రష్షుతో దులుపవలెను. నిండిన మెత్త కోయదు, మసకను మాత్రము పుట్టించును.

వెల్డింగు పనివారి చేతిగ్రైండరుకు మెత్తను బిగించి మెఱుగు పెట్టుట కొన్ని యూళ్లలో చూచితిమి. చేతిగ్రైండరు నిమిషమునకు సుమారు 11,000 మార్లు తిరుగును. మెఱుగు యంత్రములకు మూడువేలే హెచ్చు. ఇట్టి ప్రయోగము రంగునకును, చేతికిని అపాయము.

నిజము తెలిసికొనుట. మెఱుగు మందులలో నూనెలుండును. అవి గీతలలో నిండి, గీతలు పోయినట్లు భ్రమ కల్పించును. మమ్ము మోసగించినది ఇదియే. కావున ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఒక పాలు, నీరు నాలుగు పాళ్లు కలిపి, పొగయు నిప్పును లేనిచోట, ఆ భాగమును తుడిచి, టార్చి లైటును ప్రక్క నుండియు ఎదుట నుండియు పట్టి చూడవలెను. అప్పుడు కనబడునదే నిజమైన ఫలితము. ఇతరులచేత పని చేయించునపుడు గూడ డబ్బు చెల్లించుటకు ముందు ఈ పరీక్ష నడుగవలెను.

తుదకు రక్ష. మెఱుగు పెట్టిన రంగు మీద మైనమో, కృత్రిమ లేపనమో వేయవలెను. బ్రెజిలు దేశపు తాటిజాతి చెట్టు ఆకులనుండి తీయు కార్నాబా మైనము మన ఎండలలో కొన్ని వారములు నిలుచును. కృత్రిమ లేపనములు కొన్ని నెలలు నిలుచును. సిరామిక్ అను పూత సంవత్సరముల తరబడి నిలుచునదే గాని గీతలు పడకుండ ఆపు కవచము కాదు. గీతలను తీయకయే దానిని వేయించినచో ఆ గీతలను భద్రపఱచినట్లే యగును. బట్టల సబ్బు పొడి మైనమును కడిగివేయును గనుక దానితో కారును కడుగరాదు.

చేయరాని పనులు

పండ్లపొడి, టూత్‌పేస్టు, కొబ్బరి పీచు, గోనెసంచి, వరిగడ్డి, ఇసుక కాగితము వీనిలో దేనిని రంగు మీదికి తేరాదు. మెఱుపు లేని మ్యాటు రంగు గల వాహనమునకు మెఱుగు పెట్టరాదు. పెట్టినచోట మాత్రము మెఱసి మచ్చగ నిలుచును. ఒకమారు తిరిగి రంగు వేసిన భాగముల మందము కర్మాగారపు మందమువంటిది కాదు. మందము కొలుచు మీటరుతో చూడకుండ యంత్రము పెట్టరాదు. పూత కాలమున మామిడి చెట్టు క్రింద కారు నిలిపినచో తేనెమంచు కారి జిగురుగ అంటును. దానిని పొడిగ గీరరాదు. పంచదార పాకము వంటిది గనుక తడిగుడ్డ పఱచి నానబెట్టిన కరగును. పక్షి రెట్టకును ఇదియే పద్ధతి. అయితే ఆలస్యము చేసినచో అది రంగును తినివేయును.

ముగింపు

కారును అమ్మదలచిన సభ్యునితో “రంగు చెడినది, వేయింపక తప్పదు” అని బేరగాడు చెప్పినపుడు తొందరపడ వలదు. ముందు కడిగి, తుడిచి, ఒక చదరమున మెఱుగు పెట్టి చూపుడు. చెడినది రంగు కాదు, రంగు మీది మసక యని తేలినచో, కర్మాగారపు రంగు గల కారునకు ఉండు విలువ మీకు దక్కును. తిరిగి రంగు వేసిన కారును చూచి, అది ఢీకొన్నదేమో యని కొనువాడు శంకించుట మన మెఱిగినదే.

డ్యూయల్ యాక్షను యంత్రమొకటి ప్రతి యింటను ఉండ నవసరము లేదు. సంవత్సరమునకు ఒకమారు కంటె దాని పనియు లేదు. పిచికారీ యంత్రములను సంఘము కొని అద్దె కిచ్చునట్లు, దీని నొకదానిని మెత్తలతో సహా కొని యుంచుట మంచిదని మా యభిప్రాయము. మెత్తలను మాత్రము ఎవరివి వారే తెచ్చుకొనుట మేలు. ఒకరి కారు మీది ఇసుక మఱొకరి కారునకు పోరాదు. పాలకవర్గమువారు ఆలోచింతురని నమ్ముచున్నాము.

అయితే యంత్రము కంటె ముందు రెండు బకెట్లును, ఒక మెత్తని గుడ్డయు చాలును. పైమట్టి కొట్టుకొనిపోయిన పొలమునకు ఎరువు వేయుట కంటె, గట్టు వేసి మట్టిని నిలుపుట సులభమని మనకు తెలియును. కారు పైపూతయు అంతే. మా కారు బానెట్టు మీది బూడిదవన్నె మచ్చను నేటికిని అట్లే యుంచితిమి. కార్యాలయమునకు వచ్చు సభ్యులు దానిని చూచి, తమ కారును గట్టిగా రుద్దుటకు ముందు ఒక్క క్షణము ఆలోచింతురు గాక. ఈ పద్ధతిని అనుసరించి చూచినవారు తమ యనుభవములను మాకు వ్రాసి పంపినచో, తదుపరి సంచికలలో ప్రకటింతుము.